పిలిస్తే వచ్చే కుక్క: ఇంట్లో మొదలుపెట్టి గొర్రెల మంద ఎదురైనా వచ్చేదాకా

దేవరకద్ర దగ్గరి మా ఊళ్లో అవ్వ పొద్దున్నే చేటలో గుప్పెడు జొన్నలు పోసుకుని వాకిట్లో నిలబడి ‘బా... బా... బా...’ అని పిలిచేది. గడ్డివాము వెనక, కంచె కింద, పక్కింటి పెంటలో ఎక్కడ కెలుకుతున్నా కోళ్లన్నీ రెక్కలు కొట్టుకుంటూ ఉరికొచ్చేవి. వాటికి ఎవరూ ఏదీ నేర్పలేదు. ఆ పిలుపు వినిపించిన ప్రతిసారీ గింజలు పడ్డాయి, అంతే. కోడిని కోయాల్సిన రోజు మాత్రం అవ్వ ‘బా బా’ అనేది కాదు. ముందురోజు రాత్రే గంప కింద చేయి పెట్టి పట్టుకునేది. ‘పిలిచి పట్టుకుంటే రేపు ఇంకోటి రాదు బిడ్డా’ అనేది. కుక్కల గురించి తర్వాత నేను చదివిందీ, చేసి చూసిందీ అంతా చివరికి అవ్వ చేసిన ఈ రెండు పనుల దగ్గరికే వచ్చింది.

ఇది నాకు తెలిసేసరికి ఒక పెద్ద తప్పు చేసేశాను. మహబూబ్‌నగర్‌లో మేముండేది జడ్చర్ల పోయే రోడ్డుకు రెండు గల్లీల లోపల. మా మోతి అచ్చమైన ఊరకుక్క, రెండు నెలల పిల్లగా ఇంటికి వచ్చింది. పదకొండో నెలలో ఒక సాయంత్రం గేటు సందులోంచి జారుకుని నేరుగా రోడ్డెక్కింది. నేను అరుస్తూ వెనక ఉరుకుతుంటే అది ఆట అనుకుని ఇంకా ముందుకు ఉరికింది. ఒక లారీ బ్రేకు వేసి ఆగింది. అరగంట తర్వాత తోక ఊపుకుంటూ తనంతట తానే నా దగ్గరికి వచ్చింది. భయం, కోపం కలిసి చెప్పు తీసి రెండు దెబ్బలు వేశాను. దాని లెక్కలో ఆ దెబ్బలు రోడ్డు మీదికి పోయినందుకు పడలేదు, నా దగ్గరికి వచ్చినందుకు పడ్డాయి. ఆ రోజు నుంచి ఎప్పుడు పిలిచినా రెండు మీటర్ల దూరంలో ఆగి, చెవులు వెనక్కి వాల్చి చూసేది. ఆ రెండు మీటర్లు దాటించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

మన వైపు కుక్కకు పిలిస్తే రావడం ముచ్చట కోసం నేర్పే పని కాదు. ఒకపక్క 44వ నంబరు హైవే, ఇంకోపక్క 65వ నంబరు హైవే. వాటి చుట్టూ పెరిగిన కాలనీలు. సాగర్ ఎడమ కాలువ లాంటి చోట్ల సిమెంటు లైనింగ్ మీద కుక్క గోళ్లకు పట్టు దొరకదు, పడితే పైకి రావడం కష్టం. చెల్కల్లో గట్టు కట్టని పాత బావులున్నాయి. అడవిపందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ పెట్టేవాళ్లు, ఎలుకల కోసం మందు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. అచ్చంపేట, దేవరకొండ వైపు గుట్టల్లో చిరుత కూడా తిరుగుతుంది. ఒక్క పిలుపుకు వెనక్కి తిరిగే కుక్కకు ఇవన్నీ తప్పిపోతాయి.

ముందు ఒక పదం

మన ఇళ్లల్లో ‘రా’, ‘దా’, ‘ఇటు రా’ అనేవి పొద్దంతా నడిచే మాటలు. పిల్లల్ని అంటాం, వచ్చిన చుట్టాల్ని అంటాం, ఫోన్‌లో అంటాం. కుక్క చెవిలో ఆ మాట వందసార్లు పడి, తొంభైసార్లు తనకు సంబంధం లేకుండా పోతుంది. అలా అరిగిపోయిన మాటతో మొదలుపెట్టకండి. పేరు కూడా పిలుపు కాకూడదు. ‘మోతీ’ అంటే ‘ఇటు చూడు’ అని మాత్రమే దానికి అర్థం కావాలి. దగ్గరికి రమ్మనడానికి వేరే మాట ఉండాలి.

మేము ‘వాపస్’ అనే మాట పెట్టుకున్నాం. డబ్బులు వాపస్ ఇవ్వు అన్నప్పుడు తప్ప ఇంట్లో పెద్దగా వాడం, పలకడానికి సులువు, గొంతెత్తి సాగదీసి అనొచ్చు. మీరు ఇంకేదైనా పెట్టుకోవచ్చు. ఇంట్లో అందరూ అదే మాట, అదే తీరులో అనాలి. నాన్న ఒక మాట, అక్క ఇంకో మాట అంటే కుక్క ఏదీ నేర్చుకోదు. ఇదివరకే ఒక పిలుపు పాడైపోయి ఉంటే దాన్ని బాగుచేస్తూ కూర్చోవద్దు. కొత్త మాటతో కొత్తగా మొదలుపెట్టడం ఎంతో తేలిక. మోతికి పాత ‘దా’ ఇప్పటికీ పనిచేయదు, ‘వాపస్’ పనిచేస్తుంది.

కూలి ఏమివ్వాలి

ఇంట్లో కుర్చీ కింద పడుకున్న కుక్కను పిలిస్తే రొట్టె ముక్క చాలు. ఎదురుగా మేక పిల్ల గంతులేస్తుంటే రొట్టె ముక్కకు ఎవరు వస్తారు? పని కష్టాన్ని బట్టి కూలి. ఇంట్లో, వాకిట్లో మామూలు కుక్క బిస్కెట్ ముక్క, ఉడికిన గుడ్డు. బయట, వేరే కుక్కల మధ్య, ఉప్పు కారం లేకుండా ఉడికించిన ఎముకలేని చికెన్. అన్నింటికన్నా పైన కోడి కార్జం. చికెన్ దుకాణంలో అడిగితే వంద గ్రాములు విడిగా ఇస్తారు. ఉడికించి, శనగగింజంత ముక్కలు చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మూడు రోజులు వస్తుంది. కార్జం రోజూ ఎక్కువ పెడితే కుక్కకు మోషన్స్ అవుతాయి కాబట్టి కష్టమైన పాఠాలకే దాచుకోండి. పాఠాల్లో ఎంత తిన్నదో అంత దాని అన్నం గిన్నెలోంచి తగ్గించాలి.

ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ వేసిన కూర ముక్కలు వద్దు, రెండూ కుక్క రక్తానికి చెరుపు. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ అసలే వద్దు. ఉడికిన ఎముక విరిగి పేగులో గుచ్చుకుంటుంది.

కొన్ని కుక్కలకు తిండి మీద కన్నా ఆట మీద ఆశ ఎక్కువ. పాత గుడ్డను తాడులా మెలిపెట్టి లాగులాట ఆడితే ఒళ్లు మరిచిపోతాయి. మీ కుక్క అలాంటిదైతే ఆ గుడ్డనే కూలిగా ఇవ్వండి. ఏది దానికి ఇష్టమో కుక్కే చెప్పాలి, మనం నిర్ణయించకూడదు.

మొదటి వారం, ఇంటి నాలుగు గోడల మధ్య

కుక్క మీ దగ్గరే ఉన్నప్పుడు మొదలుపెట్టండి. పిడికిట్లో నాలుగు ముక్కలు ఉంచుకోండి. ‘వాపస్’ అనండి, వెంటనే ఒక ముక్క దాని నోటికి ఇవ్వండి. అది ఏమీ చేయనక్కర్లేదు. మళ్లీ కాసేపాగి ‘వాపస్’, ముక్క. మాట ముందు, ముక్క తర్వాత. ఈ వరుస మారకూడదు. ముక్క చూపించి మాట అంటే కుక్క చేతినే చూస్తుంది, మాటను వినదు. మాటకూ ముక్కకూ మధ్య ఒక సెకను కన్నా ఎక్కువ జాప్యం ఉండొద్దు. ఒక్కో విడత పదిసార్లు, రోజుకు మూడు విడతలు, రెండు మూడు రోజులు. ఆ తర్వాత కుక్క వేరే వైపు చూస్తున్నప్పుడు మాట అనండి. మెడ విరిగినంత వేగంగా మీ వైపు తిరిగిందంటే మాట చెవికెక్కినట్టే.

ఇప్పుడు దూరం. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పిలవండి. ఇంట్లో ఇద్దరుంటే ఇంకా మంచిది. ఒకరు వంటింట్లో, ఒకరు ముందు గదిలో కూర్చుని వంతులవారీగా పిలవాలి. ఎవరు పిలిస్తే వాళ్లే ముక్క ఇవ్వాలి. మా ఇంట్లో పిల్లలు దీన్ని ఆటగా పట్టుకున్నారు. వాళ్లతో పదిహేను రోజుల్లో మోతి నేర్చుకున్నంత, నేను ఒక్కణ్ణే నెలపాటు చేసినా నేర్చుకునేది కాదనిపిస్తుంది. ఒక్కో ఆట ఐదు నిమిషాలకు మించొద్దు. ఇంకా ఆడాలని అది చూస్తుండగానే ఆపేయండి.

పిలిచేటప్పుడు మీ ఒళ్లు ఏం చెబుతుందో కూడా చూసుకోవాలి. ఎదురుగా నిలబడి, ముందుకు వంగి, చేయి చాపి రమ్మంటే కుక్కకు అది బెదిరింపులా కనిపిస్తుంది. కాస్త పక్కకు తిరిగి గొంతుక్కూర్చోండి, లేదా నాలుగడుగులు వెనక్కి ఉరకండి. తన నుంచి దూరంగా కదిలేదాని వెంట పడటం కుక్క నైజం. దాని వెంట మనం పడితే అది ముందుకు పోతుంది, మనం వెనక్కి పోతే అది మన వెంట వస్తుంది. ఆ రోజు రోడ్డు మీద నేను చేసింది సరిగ్గా దీనికి తలకిందులు.

రెండు మూడు నెలల పిల్ల అయితే ఈ వారం పని చాలా సులువు, ఆ వయసులో అవి ఎట్లాగూ కాళ్ల మధ్యే తిరుగుతాయి. టీకాలు పూర్తయ్యేదాకా వీధి కుక్కలు తిరిగే జాగలకు తీసుకుపోకుండా ఇంట్లోనే చేయండి. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా మాత్రం నేర్చుకున్నదంతా మరిచిపోయినట్టు చేస్తుంది. అది ఆ వయసు తీరు. తిట్టకుండా రెండు మెట్లు వెనక్కి దిగి మళ్లీ చేయించాలి.

బెల్ట్ మీద చేయి

చాలామంది వదిలేసే మెట్టు ఇది. కుక్క దగ్గరదాకా వస్తుంది, ముక్క నోట కరుచుకుని, చేయి చాపగానే వెనక్కి దూకుతుంది. చేతికి దొరకని కుక్క వచ్చినా రానట్టే.

అందుకే మొదటి వారంలోనే దీన్ని కలిపేయాలి. కుక్క వచ్చాక ఒక చేత్తో మెడ బెల్ట్‌ను తాకండి, తాకిన తర్వాతే రెండో చేత్తో ముక్క ఇవ్వండి. మూడు నాలుగు రోజులు తాకడం, తర్వాత వేళ్లు దూర్చి పట్టుకోవడం, తర్వాత కాస్త దగ్గరికి లాగడం. ప్రతిసారీ ముక్క, ప్రతిసారీ వదిలేయడం. ముక్కను మీ మోకాళ్లకు ఆనించి ఇస్తే అది పూర్తిగా లోపలికి వస్తుంది. చేయి చాచి దూరం నుంచి అందిస్తే అది కూడా మెడ చాచి దూరం నుంచే అందుకుంటుంది. మోతి ఆగిపోయే ఆ రెండు మీటర్లను కరిగించింది ముఖ్యంగా ఈ మెట్టే. మొదట్లో నేను ముక్కను నా దగ్గర కాకుండా అది నిలబడ్డ చోటికే విసిరేవాణ్ణి. రోజుకు జానెడు జానెడు దగ్గరగా విసురుకుంటూ వచ్చాను. చేయి తాకనిచ్చిన రోజు నేను వాకిట్లోనే కూర్చుని ఏడ్చాను.

వాకిలి, డాబా, ఆ తర్వాత పొడవు తాడు

ఇంట్లో పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు వెంటనే వస్తోందంటే వాకిట్లోకి మారండి. అంతకు తక్కువైతే ఇంకా ఇంట్లోనే ఉండాలి. ఇకముందు ప్రతి మెట్టుకూ ఇదే కొలత. పిట్టగోడ ఎత్తుగా ఉంటే డాబా కూడా మంచి జాగ. అక్కడ ట్యాంకు వెనక దాక్కుని పిలిస్తే కుక్క వెతుక్కుంటూ వస్తుంది. వెతకడం కుక్కలకు చాలా ఇష్టం.

బయటికి పోయేముందు పది మీటర్ల తాడు కావాలి. బట్టలారేసే సన్నటి నైలాన్ తాడు చేతుల్ని కోసేస్తుంది. కాస్త లావుగా, బరువు తక్కువగా ఉండే నూలు తాడో, వెడల్పు పట్టీయో తీసుకోండి. చివర ముడిగానీ, ఉచ్చుగానీ ఉండొద్దు, తుమ్మ పొదల్లో చిక్కుకుంటుంది. తాడును మెడ బెల్ట్‌కు కట్టకూడదు. ఉరుకుతున్న కుక్క తాడు చివరికి వచ్చి ఒక్కసారి ఆగితే మెడకు దెబ్బ. ఛాతీకి తొడిగే హార్నెస్ కొని, దాని వీపు మీది రింగుకు కట్టండి. తాడును మీ చేతికి చుట్టుకోవద్దు. నేల మీద ఈడ్చుకుంటూ పోనిచ్చి, అవసరమైతే కాలు వేసి ఆపండి.

ఈ తాడు కుక్కను లాక్కురావడానికి కాదు. అది పారిపోయి తనంతట తానే పండగ చేసుకోకుండా ఆపడానికి. పిలిచినప్పుడు రాకపోతే తాడును చేపలా గుంజొద్దు. నడుచుకుంటూ దాని దగ్గరికి పోయి, ముక్కు ముందు కూలి వాసన చూపి, రెండడుగులు మీ వెంట రప్పించి, తక్కువ దూరం నుంచి మళ్లీ చేయించండి.

జాగ విషయంలో మనకు ఒక వసతి ఉంది. మహబూబ్‌నగర్, జడ్చర్ల, నల్లగొండ చుట్టూ ప్లాట్లు చేసి వదిలేసిన వెంచర్లు ఎన్నో. ప్రహరీ ఉండి, ఇంకా ఇళ్లు రాని వెంచర్ దొరికితే, వాచ్‌మన్‌ను అడిగి పొద్దున్నే అరగంట వాడుకోండి. పగిలిన సీసాలు, పల్లేరుకాయలు చూసుకోవాలి. నల్లగొండ వైపు బత్తాయి తోటలున్నవాళ్లకు చుట్టూ కంచె ఉన్న తోట కన్నా మంచి జాగ లేదు, మందు కొట్టిన రోజుల్లో మాత్రం దూరం పెట్టండి. పానగల్లు చెరువు కట్ట మీద గాలి బాగుంటుంది కానీ నడిచే మనుషులూ బండ్లూ ఎక్కువ. అది చివరి మెట్టుకు తగిన జాగ, అదీ తాడుతోనే.

ఎండ సంగతి మరవొద్దు. మే నెలలో మన దగ్గర ఎండ 44, 45 డిగ్రీల దాకా కూడా పోతుంది. పొద్దున ఏడు లోపు, లేదా పొద్దు గూకి నేల చల్లారాక మాత్రమే బయట పాఠం. అరచేయి వెనకభాగం ఐదారు సెకన్లు రోడ్డు మీద ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనలేవు. నాలుక పూర్తిగా బయటికి వేలాడేసి, చొల్లు చిక్కగా కారుతూ తూలితే వెంటనే నీడకు చేర్చి, మామూలు నీళ్లతో ఒళ్లు తడిపి పశువుల దవాఖానకు తీసుకుపోండి.

మంద, కోతులు, వేరే కుక్కలు

పాలమూరు జిల్లాలో ఏ చెల్కకు పోయినా గొర్రెల మంద ఎదురవుతుంది. కుక్కలున్న వాళ్లందరికీ గుండె దడ పుట్టేది అక్కడే, న్యాయంగానే. కుక్క తరిమితే గొర్రె కాలు విరగొచ్చు, చూడి గొర్రె ఈసుకుపోవచ్చు. ఆ నష్టం కాపరి కుటుంబానిది. మంద కాసే కుక్కలు మీ కుక్కను చీల్చనూవచ్చు.

తరమడంలో ఒక చిక్కుంది. ఉరకడమే దానికి కూలి. మనం జేబులో పెట్టుకున్న ఏ ముక్కా అంత రుచిగా ఉండదు. అందుకే మొట్టమొదటి తరుము జరగనివ్వకపోవడమే అన్నింటికన్నా ముఖ్యం. తాడు కట్టి, మందకు వంద మీటర్ల దూరంలో మొదలుపెట్టండి. కుక్క మందను చూస్తుంది, చెవులు నిక్కబొడుచుకుంటుంది, కానీ ఇంకా మీ చేతిలోంచి ముక్క తినగలుగుతుంది. ఆ దూరమే మీ తరగతి గది. ముక్క ఇచ్చినా ముట్టుకోవట్లేదంటే చాలా దగ్గరికి వచ్చేశారు, వెనక్కి పోండి. ఆ దూరంలో పిలవండి, వచ్చిన ప్రతిసారీ కార్జం, ఒకటి కాదు, ఒకదాని వెనక ఒకటి ఐదారు. మూడు నాలుగు రోజులు బాగా నడిచాక పది మీటర్లు దగ్గరికి జరగండి. దీనికి వారాలు పడుతుంది. తొందరపడితే ఒక్క రోజులో మొదటికి వస్తుంది. కాపరి అన్నతో ముందే మాట్లాడుకోండి. మా ఊరి కురుమ తాత ఒకాయన మంద మేపే వేళలు చెప్పి, ఎటువైపు నిలబడాలో కూడా చూపించాడు. గాలి మంద మీది నుంచి కుక్క వైపు వస్తుంటే దాని మనసు ఇంకా చెదురుతుంది, గాలికి అడ్డంగా నిలబడు అన్నాడు. అది నాకు ఎక్కడా దొరకని మాట.

కోతులకూ, నెమళ్లకూ ఇదే పద్ధతి. కోతుల గుంపు దగ్గర మాత్రం పాఠం పెట్టొద్దు. కరుస్తాయి, చేతిలో తిండి కనిపిస్తే మీ మీదికే వస్తాయి. వేరే కుక్కల విషయంలో మొదట తెలిసినవాళ్ల నెమ్మదైన కుక్కను ఒకదాన్ని కట్టేసి ఉంచి, దూరం నుంచి చేయించండి. వీధి కుక్కల గుంపుతో ప్రయోగాలు వద్దు.

ముధోల్ జాతి లాంటి వేటకుక్క మీ దగ్గరుంటే ఒక మాట. కంటితో చూసి తరిమే కుక్కలు అవి, కుందేలు లేచిందంటే చెవులు పనిచేయవు. ఎంత నేర్పినా కంచె లేని చెల్కలో దాన్ని విప్పకపోవడమే మేలని నా గట్టి నమ్మకం.

వచ్చాక మళ్లీ వదలండి

సాయంత్రం ఆటలో ఉన్న కుక్కను ఒక్కసారే పిలిచి, గొలుసు వేసి ఇంటికి తీసుకుపోతే, రెండు మూడు రోజుల్లో దానికి లెక్క అర్థమవుతుంది: పిలుపు అంటే ఆట బంద్. అందుకే ఆటకు వదిలిన అరగంటలో ఏడెనిమిదిసార్లు పిలవండి. రాగానే బెల్ట్ పట్టుకుని, ముక్క ఇచ్చి, ‘పో’ అని మళ్లీ వదిలేయండి. మళ్లీ ఆడుకోనివ్వడం కూడా కూలే. చివరిసారి పిలిచి గొలుసు వేశాక కూడా నేరుగా ఇంటికి పోకుండా రెండు నిమిషాలు అక్కడే ఏదైనా ఆడించండి.

స్నానం చేయించాలా, పిడుదులు తీయాలా, గోళ్లు కత్తిరించాలా, చెవిలో మందు వేయాలా? పిలవకండి. మీరే పోయి పట్టుకోండి. అవ్వ గంప కింద చేయి పెట్టినట్టు. వానాకాలంలో పిడుదులు ఎక్కువై రోజూ ఏరాల్సి వస్తుంది. ఆ పనికి పిలుపు వాడితే నెలలో పిలుపు చచ్చిపోతుంది.

ఒకసారి పిలిచాక రాకపోతే ‘వాపస్, వాపస్, వాపస్ రా’ అంటూ పోవద్దు. ఐదోసారికి వస్తే చాలని అది నేర్చుకుంటుంది. ఒక్కసారే అనండి. రాలేదంటే జాగ కష్టమైందని, లేదా కూలి తక్కువైందని అర్థం చేసుకుని దాన్ని సరిచేయండి. అసలు వస్తుందో రాదో అని మీకే అనుమానంగా ఉన్నప్పుడు పిలవకుండా నడిచి పోయి తాడు పట్టుకోవడం మంచిది. నోటి నుంచి వచ్చిన ప్రతి పిలుపూ నెరవేరితేనే దానికి బలం.

అన్నీ బాగా కుదిరాక, అంటే నాలుగైదు నెలల తర్వాత, ప్రతిసారీ ముక్క ఇవ్వక్కర్లేదు. ఒకసారి మెచ్చుకోలు, ఒకసారి ఆట, ఒకసారి ముక్క, ఎప్పుడైనా ఒకసారి గుప్పెడు. పూర్తిగా మాత్రం మానకండి. నెల జీతం ఆపేస్తే మనమెన్ని రోజులు పనికి పోతాం?

ఆపద పిలుపు

మామూలు పిలుపు కాకుండా, ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రమే వాడే ఇంకొక గుర్తు నేర్పి పెట్టుకోండి. దీనికి విజిల్ మంచిదని నా అనుభవం. భయమేసినప్పుడు మన గొంతు మారిపోతుంది, కుక్క ఆ గొంతును ఎప్పుడూ విని ఉండదు. విజిల్ గొంతు మారదు, దూరం కూడా పోతుంది. కాలనీలో రాత్రి గస్తీ తిరిగేవాళ్లు ఊదే పొడవాటి ఊదు కాకుండా, మూడు పొట్టి ఊదులు లాంటి మీదైన వరుస పెట్టుకోండి.

నేర్పే తీరు మొదటి వారం లాంటిదే, కానీ కూలి పది రెట్లు. ఊదగానే అరనిమిషంపాటు ఆపకుండా కార్జం, గుడ్డు, మెచ్చుకోలు. రోజుకు ఒక్కసారే, మూడు వారాలు. ఆ తర్వాత జీవితాంతం నెలకు రెండుసార్లు, సులువైన చోట, అదే విందుతో. మోతి విషయంలో నిజమైన ఆపదకు దీన్ని వాడింది ఒక్కసారే. కోయిల్‌సాగర్ కాలువ దగ్గర కొంగ వెంట గట్టు దిగబోతుంటే ఊదాను. మధ్యలోనే తిరిగి వచ్చింది.

తప్పించుకుని పోతే

వెంట ఉరకొద్దు, అరవొద్దు. పేరు ఒకసారి పిలిచి, అది చూడగానే మీరే ఎదురు దిక్కుకు ఉరకండి. లేదా కూర్చుని నేల మీద ఏదో దొరికినట్టు గీకుతూ ఉండండి, ఏం దొరికిందో చూద్దామని చాలా కుక్కలు దగ్గరికి వస్తాయి. స్కూటీ ముందు నిలబడి తిరగడం అలవాటున్న కుక్కకు స్కూటీ స్టార్ట్ చేసిన చప్పుడే పెద్ద పిలుపు. వచ్చాక ఎంత కోపమున్నా ముక్క ఇచ్చి, నెమ్మదిగా గొలుసు వేయండి. అరగంట ఆలస్యంగా వచ్చినా సరే. బెల్ట్‌కు ఫోన్ నంబరు చెక్కిన బిళ్ల ఎప్పుడూ ఉండాలి. యాంటీ రేబిస్ టీకా ప్రతి ఏడాదీ వేయించి ఉండాలి.

దీపావళి రాత్రి, ఊరేగింపు డీజే దగ్గర, పెళ్లి బారాత్ దగ్గర ఏ పిలుపూ పనిచేయదని ముందే అనుకోండి. బెదిరిన కుక్క కార్జాన్ని కూడా చూడదు. ఆ రోజుల్లో పొద్దు గూకక ముందే బయటికి తిప్పుకొచ్చి, తలుపులు వేసి, మీరు కూడా దాని దగ్గరే ఉండండి.

పెద్దయ్యాక ఇంటికి వచ్చిన వీధికుక్క

రెండు మూడేళ్ల వీధికుక్కకు మనిషి పిలుపంటే ఒక చేతిలో రొట్టె, ఇంకో చేతిలో రాయి. పిలిచినవాళ్లే కొట్టిన అనుభవం దానికి ఉంటుంది. దానితో మొదటి నెల పిలవనే పిలవకండి. గిన్నె పెట్టి, కాస్త దూరంలో కూర్చోండి. అది తనంతట తాను మీ వైపు చూసిన ప్రతిసారీ ఒక ముక్క విసరండి. చూడటం, ఒక అడుగు వేయడం, చేయి వాసన చూడటం, అన్నింటికీ కూలి ఇవ్వండి. అడగకుండానే దగ్గరికి రావడం అలవాటయ్యాక పదం కలపండి. ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లకు మూడు నెలలు పట్టే పని దీనికి ఎనిమిది నెలలు పట్టొచ్చు. కానీ ఊరకుక్కలు మనిషి ముఖాన్ని చాలా జాగ్రత్తగా చదువుతాయి. ఒకసారి నమ్మాక మీరు నోరు తెరవకముందే లేచి నిలబడతాయి.

బాగా వస్తున్న కుక్క ఉన్నట్టుండి రావడం మానేస్తే మొండితనం అనుకునే ముందు చెవులు, కాళ్లు, ఒంటి వేడి చూడండి. పిడుదుల జ్వరం మన దగ్గర ఎక్కువ, మొదట్లో కుక్క మందకొడిగా ఉండటం తప్ప ఇంకేమీ తెలియదు. చెవిలో చీము పడితే వినపడదు, కీళ్ల నొప్పి ఉంటే ఉరకలేదు. డాక్టరుకు చూపించాకే పాఠం సంగతి.

పదేళ్లు దాటాక చాలా కుక్కలకు వినికిడి తగ్గుతుంది. అది వచ్చినప్పుడు కొత్తగా నేర్పడం కన్నా ఇప్పుడే పిలుపుతో పాటు ఒక చేతి సైగ కలిపేయండి. కుడిచేయి పూర్తిగా పైకెత్తి ఛాతీ మీదికి తెచ్చే సైగ దూరం నుంచి బాగా కనిపిస్తుంది. సైగ ముందు, ఒక సెకను ఆగి మాట, తర్వాత ముక్క. నెల రోజుల్లో సైగకే కదలడం మొదలవుతుంది. చీకట్లో కనిపించాలంటే అదే సైగ చేసే చేతిలో చిన్న టార్చిలైటు పట్టుకోండి.